నిక్స్టమల్ కిట్ రివ్యూ: మక్కలు అద్భుతం, లోపల పెట్టిన పుస్తకం మాత్రం కాదు

ఆన్‌లైన్‌లో "ఇంట్లోనే అసలైన టోర్టియా" (మెక్సికో వాళ్ళ మొక్కజొన్న రొట్టె) అని కిట్లు అమ్ముతున్నారు కదా, వాటిలో ఒకటి కొని బాగానే వాడాను కాబట్టి రాస్తున్నా. కంపెనీ పేరు రాయను. పెట్టెలో ఏముంది, ఏం లేదు, డబ్బు దేనికి పెట్టాలి, దేనికి వద్దు అన్నదే చెప్తా. మార్కులు ముందే ఇచ్చేస్తా: మక్కలకి ఐదుకి ఐదు, టోర్టియా ప్రెస్‌కి నాలుగు, సున్నం ప్యాకెట్‌కి రెండు, పుస్తకానికి ఒకటి. ఆ ఒకటి కూడా కాగితం బాగుందని.

ధర 90 డాలర్ల దాకా అయింది. లోపల మూడు సంచుల మొక్కజొన్న (తెల్లవి, పసుపువి, నీలం రంగువి, ఒక్కోటి రెండు పౌన్లు), చిన్న ప్యాకెట్ సున్నం, బరువైన ఇనుప ప్రెస్, రంగురంగుల బొమ్మలతో ఒక చిన్న పుస్తకం. మక్కలు మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో చిన్న రైతులు పండించిన దేశవాళీ రకాలని సంచి మీద ఉంది. గింజ చూస్తేనే తేడా తెలుస్తుంది, అన్నీ ఒకే సైజులో ఉండవు, నీలం గింజల్లో అక్కడక్కడా ఊదా రంగువి, నల్లటివి కలిసి ఉంటాయి.

తెలియనివాళ్ళ కోసం అసలు సంగతి. నిక్స్టమల్ అంటే ఎండిన మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా అలాగే నానబెట్టి, కడిగిన గింజలు. వాటిని తడిగా రుబ్బిన ముద్దని మాసా అంటారు. టోర్టియా, తమాలే, అటోలే అనే జావ, అన్నీ దాన్నుంచే. మనం పాన్‌లో వేసుకునే సున్నం, ఈ ప్యాకెట్‌లోని సున్నం రసాయనంగా ఒకటే, కాల్షియం హైడ్రాక్సైడ్. మనది తడి ముద్ద, వాళ్ళది పొడి. గ్వాటెమాలా దక్షిణ తీరంలో ఈ పనికి వాడారనుకుంటున్న సామాను క్రీ.పూ. 1500–1200 నాటిది దొరికింది. అంటే కొలంబస్ అమెరికా ఖండానికి రావడానికి రెండున్నర వేల ఏళ్ళకి పైగా ముందే అక్కడి ఆడవాళ్ళు ఈ పని చేస్తున్నారు.

మొక్కజొన్న అడవిలో దానంతటది మొలిచిన పంట కాదు. దాని మూలం టియోసింటే అనే గడ్డి. మెక్సికోలో బాల్సాస్ నది లోయ ప్రాంతంలో సుమారు 9000 ఏళ్ళ కిందట దాన్ని సాగులోకి తెచ్చారు. ఆ గడ్డికి కంకి ఉంటుంది గానీ వేలు పొడవు కూడా ఉండదు, ఐదు నుంచి పన్నెండు గింజలు, ఒక్కో గింజకీ రాయిలాంటి పెంకు. ఆ పెంకు పోయి, గింజలు వందల్లోకి వచ్చి, పొత్తు అరచేతి కంటే పెద్దది కావడానికి కొన్ని వేల ఏళ్ళు పట్టింది. ప్రతి తరం వాళ్ళూ మంచి గింజలు ఏరి విత్తనానికి దాచుకుంటూ వచ్చారు. ఆ మొక్క ఇప్పుడు మనిషి లేకుండా బతకలేదు, గింజలు పొత్తుని వదిలి రాలవు. వహాకాలోనే గుయిలా నకిట్జ్ గుహలో దొరికిన పొత్తుల ముక్కలు 6000 ఏళ్ళకి పైబడినవి. ఇంత చరిత్ర ఉన్న గింజ గురించి పుస్తకంలో ఉన్నది రెండు వాక్యాలు.

పుస్తకం మీద నా కోపం దానొక్కదానికే కాదు. మొదటి పేజీలోనే "వేల ఏళ్ళుగా మాయన్లు తిన్న టోర్టియా" అని పెద్ద అక్షరాలతో ఉంది. క్రీ.శ. 250 నుంచి 900 మధ్య మాయా నగరాలు మంచి ఊపులో ఉన్న కాలంలో కుండల మీద వేసిన బొమ్మల్లో పళ్ళెంలో కనిపించేది ఎక్కువగా తమాలే. అంటే మాసాని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించినది. టోర్టియా కాల్చే పెనం, కొమాల్ అంటారు, మాయా పల్లపు ప్రాంతాల తవ్వకాల్లో ఆ కాలానికి అరుదుగా దొరుకుతుంది. టోర్టియా రోజువారీ తిండి అయింది ఎక్కువగా మధ్య మెక్సికో వైపు. ఆజ్టెక్‌ల కాలానికి వస్తే ఇంటింటా అదే. మాయా వేరు, ఆజ్టెక్ వేరు. కాలం వేరు, చోటు వేరు, భాష వేరు. అన్నిటినీ ఒకే పేజీలో కలిపేసి పిరమిడ్ బొమ్మ వేస్తే చరిత్ర అయిపోదు. మన దగ్గర శాతవాహనుల్నీ కాకతీయుల్నీ కలిపేసి "ప్రాచీన దక్షిణ భారతీయులు" అని ఎవరైనా మసాలా పొట్లం మీద రాస్తే మనం ఊరుకుంటామా?

ఇంకో చోట "మరుగున పడిన రహస్యం" అని రాశారు. ఎక్కడ మరుగున పడింది? మెక్సికోలో, గ్వాటెమాలాలో ఇవాళ పొద్దున కూడా లక్షల ఇళ్ళలో, వీధి మూలన ఉన్న మిల్లుల్లో ఇదే జరిగింది. ఉత్తరాన, ఇప్పటి అమెరికాలో, హోపీ అనే మూలవాసులు నీలం మొక్కజొన్నకి సున్నం బదులు ఒక రకం పొద బూడిద కలుపుతారు, దాంతో రంగు నిలుస్తుంది. హాడెనోసౌనీ వాళ్ళు, ఇరొక్వా అంటే ఎక్కువమందికి తెలుస్తుంది, తెల్ల మొక్కజొన్నని కట్టె బూడిద నీళ్ళలో ఉడికించి ప్రత్యేకంగా అల్లిన బుట్టలో కడిగి పొట్టు తీస్తారు. దొరికే పదార్థం ఎక్కడికక్కడ వేరు, సూత్రం ఒకటే. ఇంత మంది చేతుల్లో బతికే ఉన్న పనిని "రహస్యం" అని అమ్మడం నాకు నచ్చలేదు, చేస్తున్నవాళ్ళు అసలు లేనట్టే ఉంటుంది ఆ మాట.

సరే, వాడకం. పుస్తకంలో కొలతలు కప్పుల్లో ఉన్నాయి, సున్నానికి అది సరిపోదు, తూకం కావాలి. కిలో మక్కలకి 10 గ్రాముల సున్నం, మూడు లీటర్ల నీళ్ళు. సున్నం నీళ్ళలో కలిపి, మక్కలు కడిగి వేసి, తెర్లనివ్వకుండా సన్న సెగ మీద ముప్పావు గంట. గింజని వేళ్ళ మధ్య నలిపితే పైపొర జారిపోవాలి. కొరికి చూస్తే మధ్యలో ఇంకా గట్టిగా ఉండాలి. అప్పుడు స్టవ్ ఆపేసి మూతపెట్టి పొద్దున దాకా వదిలేయాలి. తెల్ల మక్కలు సున్నం తగలగానే పసుపు రంగులోకి వస్తాయి, వంటిల్లంతా ఒక వాసన పట్టుకుంటుంది, తడి మట్టి వాసనకీ కాల్చిన పొత్తు వాసనకీ మధ్యలో ఉంటుంది. నాకు చాలా ఇష్టమైంది.

అతి ముఖ్యమైన విషయం పుస్తకంలో లేనే లేదు. అల్యూమినియం గిన్నె వాడకూడదు. సున్నం అల్యూమినియంని తింటుంది. స్టీలు గిన్నె గానీ ఎనామెల్ గిన్నె గానీ వాడండి. సున్నం పొడి కళ్ళలో పడకుండా కూడా చూసుకోవాలి, పిల్లలకి అందనివ్వకూడదు. తినే పదార్థాలతో పాటు అమ్మే పెట్టెలో ఈ జాగ్రత్తలు రాయకపోవడం తప్పు, దీనికి నేను మార్కులు తగ్గించడమే కాదు, కంపెనీకి మెయిల్ కూడా పెట్టాను. జవాబు రాలేదు.

సున్నం ప్యాకెట్‌కి రెండే మార్కులు ఎందుకంటే అది మరీ చిన్నది. మూడు సంచులూ పూర్తయ్యే లోపే అయిపోయింది. దీని కోసం మళ్ళీ వాళ్ళ దగ్గరే కొనాల్సిన పని లేదు. మేముండేది టెక్సాస్, ఇక్కడ ఏ మెక్సికన్ కిరాణా షాపులోనైనా "కాల్" అని అడిగితే మసాలాల వరుసలో చూపిస్తారు, చవక, ఒక ప్యాకెట్ నెలల తరబడి వస్తుంది. తినడానికి పనికొచ్చేదని రాసి ఉండాలి, అంతే. గోడలకి కొట్టే సున్నం, పొలాలకి చల్లే సున్నం వద్దు.

రుబ్బడం దగ్గర అసలు సమస్య. పెట్టె మీద "కావాల్సినవన్నీ ఇందులోనే" అని ఉంది, కానీ రుబ్బడానికి ఏమీ లేదు! పుస్తకంలో ఫుడ్ ప్రాసెసర్ వాడమన్నారు. అందులో ముద్ద రవ్వరవ్వగానే వస్తుంది, ఒత్తితే అంచులు పగులుతాయి. మిక్సీలో తిరగాలంటే నీళ్ళు పోయాలి, పోస్తే జావ. చేతితో తిప్పే ఇనుప మిల్లు దొరుకుతుంది, అది కూడా బరకగానే చేస్తుంది, తమాలేకి పరవాలేదు, టోర్టియాకి చాలదు. మనవాళ్ళ ఇళ్ళలో ఉండే వెట్ గ్రైండర్ ఇక్కడ పనికొస్తుంది. రాయి మీద రాయి కదా, కావాల్సింది అదే. ఒక్కసారే వేయకుండా పిడికెడు పిడికెడు వేస్తూ, మధ్యలో చెంచాడు నీళ్ళు చిలకరిస్తూ, అంచుల నుంచి గరిటెతో తోస్తూ ఉండాలి. ఓపిక కావాలి, మోటారు వేడెక్కితే ఆపి చల్లారనివ్వాలి. ముద్ద కొంచెం తడిగా వస్తుంది, షాపులో దొరికే మాసా హరీనా పొడి రెండు మూడు చెంచాలు కలిపితే సర్దుకుంటుంది. మా పక్కింట్లో మెక్సికోలోని పుయెబ్లా నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరున్నారు, ఆమె మా గ్రైండర్‌ని చూసి చాలాసేపు దాని రాళ్ళు తడిమి చూసి, ఇది ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

పాతకాలంలో ఈ పనంతా మెటాటే మీదే. మూడు కాళ్ళ ఏటవాలు రాయి, దాని మీద పొడుగాటి రాయి, మోకాళ్ళ మీద కూర్చుని ముందుకీ వెనక్కీ తోస్తూ నూరడం. ఇంటిల్లిపాదికీ సరిపడా మాసా కావాలంటే తెల్లవారకముందే మొదలుపెట్టి గంటల తరబడి నూరాలి, రోజూ. ముందురోజు మాసా మర్నాటికి పులుస్తుంది కాబట్టి నిలవ పెట్టుకునే వీలు లేదు. ఆజ్టెక్‌ల రాజధాని టెనోచ్టిట్లాన్ నగరంలో స్పెయిన్ వాళ్ళు వచ్చేనాటికి లక్షన్నర నుంచి రెండు లక్షల మంది ఉండేవారని అంచనా. చుట్టూ సరస్సులో చినాంపా మడుల మీద పంటలు, సామంత రాజ్యాల నుంచి కప్పంగా మొక్కజొన్న, చిక్కుడు గింజలు, చియా, రాజగిరా. అంత ధాన్యం వచ్చినా అది తిండి కావాలంటే ప్రతి ఇంట్లో ఒక ఆడమనిషి రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చోవాల్సిందే. గుడులు, సైన్యాలు, పంచాంగాల గురించి రాసేవాళ్ళు ఈ రాయి గురించి కూడా అంతే శ్రద్ధగా రాయాలని నా గట్టి అభిప్రాయం. క్విచే మాయా ప్రజల సృష్టికథలో దేవతలు ముందు మట్టితో, తర్వాత కర్రతో మనుషుల్ని చేసి చూస్తారు, కుదరదు. చివరికి పసుపు, తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు. ఆ పిండిని ష్ముకానే అనే అవ్వ తొమ్మిది సార్లు నూరుతుంది. కథ కట్టినవాళ్ళకి నూరడం ఎంత పనో తెలుసు.

ప్రెస్ బాగుంది. పోత ఇనుము, బరువు చాలా ఉంది, చేతికర్ర వంగదు. రెండు ప్లాస్టిక్ షీట్ల మధ్య నిమ్మకాయంత ఉండ పెట్టి నొక్కితే చాలు. జిప్ కవర్ కోసి వాడుకోవచ్చు. ఒక మార్కు తగ్గించింది పైన వేసిన పూత పెచ్చులుగా ఊడుతోందని. ప్లాస్టిక్ షీటు ఉంటుంది కాబట్టి పిండికి తగలదు, అయినా ఈ ధరకి అలా ఊడకూడదు.

మక్కపిండితో రొట్టె చేసినవాళ్ళకి తెలుసు, వేడినీళ్ళు పోసి కలిపినా అది విరుగుతూనే ఉంటుంది, చేత్తో తట్టడం పెద్ద విద్య. మాసాకి ఆ బాధ లేదు. సున్నం గింజ పైపొరని కరిగిస్తుంది, పిండిపదార్థాన్ని సగం ఉడికించి వదులుతుంది, కాల్షియం గింజలోపలి పదార్థాల్ని పట్టి ఉంచుతుంది, అందుకే గోధుమపిండిలాంటి జిగురు లేకపోయినా సాగుతుంది, మడిస్తే విరగదు. పెనం బాగా కాలాలి, ఇనుప పెనమైతే మంచిది. ఒక వైపు కొద్ది సెకన్లు, తిప్పి రెండో వైపు కాస్త ఎక్కువసేపు, మళ్ళీ తిప్పితే పొంగుతుంది. పొంగినవి బట్టలో చుట్టి పది నిమిషాలు ఉంచాకే తినాలి, అప్పుడే మెత్తబడతాయి.

రుచి గురించి ఎంత చెప్పినా తక్కువే. షాపు ప్యాకెట్ టోర్టియా తిని "ఇందులో ఏముంది" అనుకున్నవాళ్ళు ఇది తిని చూడాలి. తెల్లవి సున్నితంగా, కొంచెం తియ్యగా ఉంటాయి. పసుపువి నాకు మామూలుగా అనిపించాయి. నీలంవి మాత్రం వేరే స్థాయి, వేయించిన గింజల రుచి, నమిలినకొద్దీ పెరుగుతుంది. నీలం వాటికి సున్నం కాస్త తగ్గించండి, ఎక్కువైతే రంగు ఆకుపచ్చ బూడిద రంగులోకి పోతుంది. నల్ల చిక్కుడు గింజల కూరతో చాలా బాగుంటాయి. మా ఇంట్లో పచ్చిమిర్చి టమాటా రోటి పచ్చడితో ఎక్కువ చెల్లాయి, ఆ రెండు కాయలూ కూడా ఆ ఖండం నుంచే మన దగ్గరికి వచ్చినవి కాబట్టి కుదరడంలో వింత లేదు.

ఇప్పుడు ఈ పుస్తకంలో తప్పకుండా ఉండాల్సిన విషయం, ఒక్క ముక్క కూడా లేనిది. మొక్కజొన్నలో నయాసిన్ అనే విటమిన్ ఉంటుంది, కానీ మన పేగులకి అందని రూపంలో కట్టేసి ఉంటుంది. సున్నంలో ఉడికిస్తే అది విడుదలవుతుంది. కాల్షియం కూడా పెరుగుతుంది, గింజల మీద బూజు వల్ల వచ్చే విషాలు చాలావరకు తగ్గుతాయి. అందుకే వేల ఏళ్ళు మొక్కజొన్నే ప్రధాన ఆహారంగా తిన్నా అక్కడివాళ్ళకి నయాసిన్ లోపం పెద్ద జబ్బు కాలేదు. పొలంలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవారు, కలిపి తినేవారు, దాంతో మాంసకృత్తుల కొరత కూడా తీరేది.

యూరప్ వాళ్ళు గింజని ఓడ ఎక్కించుకున్నారు, దాని వంటని వదిలేశారు. తమకి మిల్లులున్నాయి, ఎండు గింజ పట్టించుకుంటే చాలనుకున్నారు. మొక్కజొన్న పేదవాళ్ళ ఏకైక తిండి అయిన చోటల్లా పెల్లాగ్రా అనే నయాసిన్ లోపపు జబ్బు వచ్చింది. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు మొదట గమనించి రాశాడు, తర్వాత ఇటలీలో ఊళ్ళకి ఊళ్ళు. చర్మం ఎండకి మాడినట్టు పగలడం, విరేచనాలు, మతిచలనం, చివరికి చావు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1906 నుంచి 1940 మధ్య సుమారు 30 లక్షల మందికి వచ్చి, లక్ష మంది దాకా పోయారు. అందరూ అంటురోగం అనుకుంటుంటే జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్ 1915లో మిసిసిపీ జైలులో ఒప్పుకున్న ఖైదీలకి మొక్కజొన్న తిండే పెట్టి ఆ జబ్బు తిండి వల్లే వస్తుందని చూపించాడు. నయాసిన్ సంగతి తేలింది 1937లో. అదే దేశంలో, అదే నేల మీద, అంతకుముందు నుంచీ ఉన్న జాతులవాళ్ళు బూడిద నీళ్ళలో మొక్కజొన్న ఉడికించుకుని తింటూనే ఉన్నారు. వాళ్ళనెవరూ అడగలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

మనకీ ఈ జబ్బు కొత్త కాదు. దక్కన్‌లో జొన్న ఒక్కటే తిని బతికిన పేదల్లో పెల్లాగ్రా ఉండేది, దాని మీద 1960 ప్రాంతంలో హైదరాబాద్‌లోనే సి. గోపాలన్, ఆయన సహచరులు పరిశోధన చేశారు. ధాన్యం వేరు, కారణాల వివరం వేరు, కానీ ఒక్క గింజ మీదే ఆధారపడితే ఏమవుతుందో తెలుగు నేల కూడా చూసింది.

కాబట్టి కొనాలా? మొత్తం కిట్ కొనకండి. దేశవాళీ మక్కలు మాత్రం విడిగా కొనండి, చాలా మంది అమ్ముతున్నారు, నీలంవి ముందు తీసుకోండి, రైతుకి ఎంత వెళ్తుందో చెప్పే అమ్మకందారుకి ఇవ్వండి ఆ డబ్బు. సున్నం మెక్సికన్ షాపులో. ప్రెస్ లేకపోయినా రెండు బరువైన పళ్ళేల మధ్య నొక్కితే పని జరుగుతుంది. వెట్ గ్రైండర్ లేనివాళ్ళు ముందు మాసా హరీనాతో మొదలుపెట్టండి, అది కూడా నిక్స్టమల్ చేసి ఎండబెట్టిన పొడే, తాజా రుచి ఉండదు గానీ పోషకం ఉంటుంది. మామూలు కార్న్‌ఫ్లోర్ గానీ, మనవాళ్ళ షాపుల్లో దొరికే మక్కపిండి గానీ దీనికి బదులు కాదు.

ఇండియాలో ఉన్నవాళ్ళు మన మక్కలతో చేసుకోవచ్చా అని అక్క అడిగింది, ఇంకా కొందరు అడిగారు. చేసుకోవచ్చు. మన దగ్గర ఎక్కువగా గట్టి గింజ రకాలు, ఇంకో పావుగంట, అరగంట ఎక్కువ ఉడకాలి. పైపొర జారడమే గుర్తు, గడియారం చూడకండి. తినే సున్నం పొడిగా దొరక్కపోతే పాన్ షాపు సున్నం వాడొచ్చు గానీ అందులో నీళ్ళుంటాయి కాబట్టి తూకం ఎక్కువ పడుతుంది, రంగూ వాసనా కలపనిది చూసుకోండి. విత్తనాల షాపులో కొన్న మక్కలు మాత్రం వాడొద్దు, వాటికి మందు పట్టించి ఉంటుంది, కడిగినా పోదు.